దండ పడిన బండి

దేవుడికి ఇచ్చేసిన బండిని ఆయన చేతిలోంచి తిరిగి లాక్కున్న మనిషి ఈ గోదావరి రెండు గట్ల మీదా ఒక్కతే ఉంది. ఆవిడే మా ఏసమ్మత్త. నరసాపురంలో లేసు పని చేయిస్తుంది. నమ్మనివాళ్ళు మా గుడికొచ్చి కనుక్కోవచ్చు. రెండొందల మంది సాక్షులున్నారు, అందరికన్నా ముందు నేనున్నాను.

బండంటే కారూ లారీ కాదు. ముందు సైకిలు, వెనక రెండు చక్రాల మీద చెక్క బల్ల. రిక్షా బండి అంటాం. కూతురు వినీల పుట్టిన ఏడు కొన్నారు. ఆ పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. బండికి డిగ్రీ లేదు గానీ లోకజ్ఞానంలో నాకు సమానం. ఏసమ్మత్త రోజూ దాని మీద దారం వేసుకుని ఊళ్ళకి వెళ్ళి ఆడవాళ్ళకి పంచుతుంది, వాళ్ళు అల్లిన లేసు మూటలు కట్టి తెస్తుంది. పిల్లలిద్దరూ ఆ మూటల మధ్య నిద్రపోయే పెరిగారు. అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్ళిందీ, ఇంటికి ఫ్రిజ్జు తెచ్చిందీ దాని మీదే. మామయ్య చేపల బోటు మీద సముద్రంలో ఉంటే, నేల మీద సంసారమంతా ఆ మూడు చక్రాలే మోశాయి. ఒకసారి గోదావరి మధ్యలో, జనాన్నీ బళ్ళనీ ఏరు దాటించే పంటు ఇంజను ఆగిపోతే, ఈవిడ బండెక్కి పెడళ్ళు తొక్కి పంటుని సఖినేటిపల్లి రేవుకి చేర్చిందని నేను చాలామందికి చెప్పాను. సగం మంది నమ్మారు.

నిరుడు కోత పండుగకి వచ్చింది అసలు కష్టం. మా గుడిలో, అంటే చర్చిలో, ఆ రోజు ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి గుమ్మం ముందు పెడతారు. గుమ్మడికాయ, అరటిగెల, కోడిపెట్ట, ఏదైనా సరే. కానుకకి బంతిపూల దండ చుడతారు. ఆరాధన అయ్యాక దండ పడినదాన్నల్లా వేలం వేస్తారు. మూడోసారి అన్నాక అది పాడుకున్నవాళ్ళదే. వెనక్కి అడిగితే దేవుణ్ణి అడిగినట్టే లెక్క.

ఏసమ్మత్త పెరట్లో కాసిన గుమ్మడికాయ తెచ్చింది. గుండ్రటి కాయ మీద దండ నిలవక దారిలో మూడుసార్లు జారిపోయింది. విసుగెత్తి దండని హ్యాండిలుకి తగిలించింది. బండిని అలాగే గుమ్మం ముందు నిలిపి, వెనక విందు వంటకి సాయం వెళ్ళిపోయింది.

వేలం వేసేది డేనియల్ మాస్టారు. నన్ను లెక్కల్లో రెండుసార్లు తప్పించిన మహానుభావుడు. ఆ రెండోసారితో నేను బడికే సెలవిచ్చేశాను. ఆయన దండ చూశారు, బండికుంది. గుమ్మడికాయతో సహా బండి అంటూ పాట మొదలెట్టారు. ఇన్నేళ్ళు ఇంట్లో మనిషిలా చూసుకున్నదాన్ని దేవుడికిచ్చేసిందని ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. నీళ్ళ టిన్నులు అమ్మే విజయ్ పాల్, మా పేటకి కొత్తగా వచ్చినవాడు, తన పాటని తనే పెంచుకుంటూ పోయి దక్కించుకున్నాడు. ఏసమ్మత్త గరిటెతో పరిగెత్తుకొచ్చేసరికి సీటెక్కి బెల్లు కొట్టి చూసుకుంటున్నాడు.

ఆవిడ ముఖం చూస్తేనే పొరపాటని తెలిసిపోయింది. పాస్టరు అయ్యగారు ఏంటమ్మా అని అడిగారు కూడా. కానీ ఆ దండ తన చేత్తో తగిలించిందే. ఏం లేదన్నట్టు తలూపి, విజయ్ పాల్ దగ్గరికెళ్ళింది.

"రేవు దిగుడు దగ్గర ముందే దిగి నడిపించుకెళ్ళు బాబూ."

అంత బాధలోనూ బండికి దెబ్బ తగలకూడదనే ధ్యాస.

"చిన్నప్పట్నించీ తొక్కుతున్నానక్కా, నాకు కొత్తా?" అని నవ్వాడతను.

ఆ వారమంతా ఏసమ్మత్త మూట నెత్తిన పెట్టుకుని నడిచింది. రోజుకి నాలుగు ఊళ్ళు తిరిగే మనిషి ఒక్క ఊరు తిరిగేసరికే పొద్దు వాలిపోయేది. దారం అందక చాలామంది ఖాళీగా కూర్చున్నారు. ఇలాగైతే పని ఇంకొకరికి అప్పగిస్తామని లేసు షావుకారు కబురు పంపాడు. ఆటో మాట్లాడదామని వినీల అంది గానీ, ఆ ఊళ్ళ సందుల్లో ఆటో తిరగదు.

తర్వాతి ఆదివారం విజయ్ పాల్ మోచేతికి కట్టుతో వచ్చాడు. బండిని తొక్కుకుంటూ కాదు, తోసుకుంటూ. తనే హ్యాండిలుకి దండ కట్టి గుమ్మం ముందు నిలబెట్టాడు. పాడుకున్నదాన్ని మళ్ళీ కానుకగా ఇవ్వడం మాలో మామూలే, దానికి మళ్ళీ వేలం ఉంటుంది. తన పనికి ఇది కుదరదని మాత్రం చెప్పాడు, కట్టు సంగతి ఎత్తలేదు.

ఏసమ్మత్త లేచి వంద రూపాయలంది. చేతిలో ఉన్నది ఆ ఒక్క నోటే. మాస్టారు ఒకటోసారి అన్నారు. ఎవరూ పలకలేదు. కోడిగుడ్డు వేలంలో కూడా పంతం వదలని రత్నమాణిక్యం గారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. రెండోసారి. ఆ రోజు నా జేబులో అలాంటి బండ్లు నాలుగు కొనేంత ఉంది, అయినా నేనూ నోరు మెదపలేదు. మూడోసారి అనగానే ఆవిడ మాస్టారి చేతిలో నోటు పెట్టి, బండెక్కి వెళ్ళిపోయింది. సాయంత్రానికల్లా రెండు ఊళ్ళకి దారం చేరింది.

ఒక మనిషి మీద ప్రేమతో రెండొందల నోళ్ళు ఒకేసారి మూతపడ్డం నేను కళ్ళారా చూశాను. ఈ మాట వరకూ రాసి, పొంగిపోతూ ఏసమ్మత్తకి చదివి వినిపించాను. ఆవిడ దారం చుట్టడం ఆపకుండానే విన్నది.

"ప్రేమా లేదు, ఏమీ లేదురా అబ్బాయ్. దానికి బ్రేకు పడదని ఊరందరికీ తెలుసు. పాపం, విజయ్ పాల్‌కే తెలీదు."