ఆటలమ్మ పోసినప్పుడు అమ్మ లోపలికి రాలేదు

మా చిన్నప్పుడు... ఊళ్లో అమ్మవారి సంబరమంటే చాలు, టాటానగర్ రైల్వే క్వార్టర్స్‌లో సగం మంది తెలుగువాళ్లు శ్రీకాకుళం వైపు బండెక్కేసేవారు. ఆ ఏడు అమ్మ కడుపుతో ఉంది. అందుకని నాన్న నన్నొక్కదాన్నే అమ్మమ్మగారి ఊరికి తీసుకెళ్లాడు.

అక్కడ మామయ్య కూతురికి ఒళ్లంతా పొక్కులు... ఆటలమ్మ! దూరంగా ఉంచారా? అబ్బే! ఊరంతా చూడ్డానికి వచ్చింది.

"దండమెట్టుకోండర్రా, అమ్మోరు మనింటికి సుట్టమై వచ్చినాది" అంటూ అమ్మమ్మ పిల్లలందరినీ దాని చాప మీదే కూర్చోబెట్టి, ఒకే చెంబుతో పానకం తాగించింది. నిజం చెప్పొద్దూ... భలే సరదాగా అనిపించింది.

టాటానగర్ వచ్చిన కొన్నాళ్లకు నాకూ పొక్కులు లేచాయి. ఊళ్లో వీధి వీధంతా మంచం పట్టిందని కబురూ వచ్చింది.

"అంత జనంలో రోగిని కూర్చోబెడతారా!" అని డాక్టరుగారు నాన్న మీద మండిపడ్డారు. అమ్మకు అంతకుముందు ఆటలమ్మ పోయలేదు. ఇప్పుడు అంటుకుంటే కడుపులో బిడ్డకూ ప్రమాదమన్నారు. ఆ పూటే అమ్మను పక్కింటి ఒడియా ఆంటీ దగ్గరికి పంపేశారు.

నాన్న డ్యూటీకి వెళ్తే ఇంట్లో నేనూ, వేపమండలూ... అంతే. బయట నా జట్టు పిల్లలు హిందీలో కేకలేస్తూ ఆడుకుంటుంటే ఏడుపొచ్చేది. అమ్మ అన్నం గుమ్మం దగ్గర పెట్టి, మూసిన తలుపు అవతల పీటేసుకుని కూర్చునేది.

"లోపలికి రాయే అమ్మా..."

"ఎలాగొత్తానే తల్లీ? తమ్ముడికి అంటుకుంటాది."

"నీకు తమ్ముడే ముద్దు!" అని తలుపును తన్నేదాన్ని. అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించేది.

పొక్కులెండి పక్కులన్నీ రాలాక నాన్న వేపాకు నీళ్లు పోశాడు. ఇక భయం లేదని డాక్టరుగారు చెప్పారు. అమ్మ పరుగులాంటి నడకతో వచ్చి చేతులు చాచింది.

నేను గోడకు అతుక్కుపోయాను. "నన్ను ముట్టుకోకే అమ్మా... తమ్ముడు సచ్చిపోతాడు!"

అమ్మ అక్కడే చతికిలబడి, నాకంటే గట్టిగా ఏడ్చింది.

తమ్ముడు కాదు, చెల్లి పుట్టింది... గుండ్రాయిలా.

మొన్న జ్వరమొచ్చి ఫ్లాట్‌లో తలుపేసుకుని పడుకున్నాను. ఫోన్ నిండా 'టేక్ కేర్'లు. భోజనం తెచ్చిన కుర్రాడు బెల్ కొట్టి వెళ్లిపోయాడు. ఎవరినీ తప్పు పట్టను, అంటురోగాలకు దూరమే మందు. కానీ ఇంత వయసొచ్చినా జ్వరమొస్తే అమ్మే కావాలనిపిస్తుంది... అమ్మ లేదు.

మీకు ఆటలమ్మ పోసినప్పుడు దగ్గరికి రాలేక ఏడ్చిందెవరు? రాయండి... ఎంత పొడుగైనా చదువుతాను. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను.