రెండోసారి అడగని ఊరు

ఆమె వాట్సాప్ స్టేటస్‌లు నాకు కనబడకుండా మ్యూట్‌లో పెట్టాను. పెట్టిన రోజు నుంచీ పనిగట్టుకుని వెతికి మరీ చూస్తున్నాను. మొన్న ఒకటి పెట్టింది. విమానం కిటికీ, ఒళ్లో కాఫీ కప్పు, కింద 'ఇంటికి' అని ఒక్క మాట. దుబాయ్ నుంచి సెలవు మీద పులివెందులకు వస్తోందన్నమాట. చూడగానే కడుపు మండింది. దాచడమెందుకు, నాకు ఆమె అంటే అసూయ. ఆ కిటికీ పక్క సీటు నాది.

మేమిద్దరం ప్రొద్దుటూరులో ఎంబీఏ కలిసి చదివాం. నేను జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. ఆమె హాస్టల్లో ఉండేది. వాళ్లకు పులివెందులలో గొర్రెలు, కొంచెం చీనీ, అంటే బత్తాయి తోట. మా నాయనకు జమ్మలమడుగులో బట్టలంగడి. క్లాసులో ప్రెజెంటేషన్ అంటే నేనే. ఇంగ్లిషు అంటే నేనే. చివరి సెమిస్టర్లో కాలేజీ వాళ్లు మా ఇద్దరినీ దుబాయ్‌లో ఒక తినుబండారాల కంపెనీకి మార్కెటింగ్ ఇంటర్న్‌షిప్‌కు పంపారు. అది అయ్యాక ఇద్దరిలో ఒకరిని ఉద్యోగంలోకి తీసుకుంటామని కంపెనీ ముందే చెప్పింది. ఆ ఒకరు ఎవరో నాకు విమానం ఎక్కకముందే తెలుసు. ఆమెను తోడుకు పంపుతున్నారనుకున్నాను.

ఇక్కడ మా అంగడి సంగతి కొంచెం చెప్పాలి. మా దగ్గర మొదటిసారికే ఎవరూ సరే అనరు. చీరలు పరిచాక "వద్దులేప్పా" అని లేచి, వాకిట్లో చెప్పుల దాకా పోతారు. మా నాయన అప్పుడు పిలుస్తాడు. "ఏంది మామా, అప్పుడే యాడికి పోతాండావు? వచ్చి కూచో." మళ్లీ వద్దంటారు. మళ్లీ పిలుస్తాడు. వచ్చి కూర్చుంటారు. మా అంగట్లో వద్దు అంటే బేరం మొదలైందని అర్థం. ఇళ్లల్లోనూ అంతే. ఆకలికి కళ్లు తిరుగుతున్నా సరే, తినమనగానే "ఇప్పుడే తినొచ్చినా" అనాలి. పిలవగానే ప్లేటు ముందుకు లాక్కున్న మనిషిని గురించి వీధి వీధంతా చెప్పుకుంటుంది. నాకు ఈ తంతంతా మహా మోటుగా ఉండేది. కస్టమర్ వద్దంటే ఆ మాటను గౌరవించాలని నేను చదువుకున్నాను. అదే నాగరికత అనుకున్నాను.

దుబాయ్‌లో మాకిచ్చిన పని ఒక పెద్ద సూపర్‌మార్కెట్లో ఖర్జూరం బిస్కెట్లు రుచి చూపించి డబ్బాలు అమ్మించడం. ఈ చివర నా బల్ల, ఆ చివర ఆమె బల్ల. మా మేనేజరు లెబనాన్ దేశపు పెద్దావిడ, పద్ధతి మనిషి. "ఒకసారి అడగండి. వద్దంటే చిరునవ్వుతో థాంక్యూ చెప్పండి. వెంటపడకండి" అని శిక్షణలో చెప్పింది. నేను తు.చ. తప్పకుండా పాటించాను. అడిగాను, వద్దన్నారు, నవ్వాను. నా బల్ల శుభ్రంగా ఉండేది, నా ఇంగ్లిషు శుభ్రంగా ఉండేది. సాయంత్రానికి ట్రేలో బిస్కెట్లు కూడా పెట్టినవి పెట్టినట్టే శుభ్రంగా ఉండేవి.

ఆమె బల్ల దగ్గర తిరునాళ్ల. ఆ షాపుకు ప్రొద్దుటూరు, మైదుకూరు వైపు నుంచి పనికొచ్చిన వాళ్లు చాలామంది వస్తారు. వాళ్లలో వాళ్లు మాట్లాడుకునే మాట చెవిన పడితే చాలు, పట్టుకునేది. "వద్దమ్మా" అని తలూపి పోతుంటే వదిలేది కాదు.

"ఏందన్నా, చెల్లెలు పెడితే వద్దంటావా? ఒకటి నోట్లో ఏస్కో. నచ్చకపోతే కొనొద్దులే."

ఆయన మొహమాటంగా ఒకటి తినేవాడు. తర్వాత ఇంటికి పంపడానికని డబ్బాలు తీసుకునేవాడు. కొన్నాళ్లకు ఫిలిప్పీన్స్ వాళ్లనూ ఈజిప్టు వాళ్లనూ కూడా అట్లే బతిమాలడం మొదలుపెట్టింది, సగం వచ్చీరాని ఇంగ్లిషు, సగం మన ప్రొద్దుటూరు ఉర్దూ. వాళ్లకేం అర్థమయ్యేదో దేవుడికెరుక. నవ్వి తినేవాళ్లు. ఆ నవ్వులు షాపు ఈ చివర దాకా వినబడేవి. నేను ఆ వైపు చూడకుండా ట్రే తుడుచుకునేదాన్ని.

ఆమె వెంటపడుతోందని మేనేజరుకు నేనే చెప్పాను. చెప్పినందుకు ఇప్పటికీ నాకేం బాధ లేదు, రూలు రూలే కదా. మేనేజరు వచ్చి కాసేపు నిలబడి చూసింది. వద్దు వద్దంటూనే ఆమె చేతి బిస్కెట్ ఒకటి తిని వెళ్లిపోయింది.

ఇవన్నీ అయ్యాక గదికి వస్తే "తింటివా మే? మొగం ఏంది అట్ల పీక్కపోయింది?" అని నా పళ్లెం కూడా తనే పెట్టేది. నన్ను ఒక్క మాట అన్నది లేదు, ఎచ్చులు పోయింది లేదు. తిట్టుకోవడానికి ఒక్క సాకైనా ఇచ్చేది కాదు. నాకు ఇంకా ఒళ్లు మండేది.

ఇంటర్న్‌షిప్ అయిపోవస్తుండగా మేనేజరు నన్ను ఒక్కదాన్నే తన గదిలోకి పిలిచింది. "బల్ల దగ్గర ఆమె బాగా అమ్ముతోంది. కానీ ఆఫీసులో ప్లాన్లు రాయగలిగిన మనిషి కావాలి. నీ రిపోర్టులు నాకు నచ్చాయి. ఉద్యోగం నీకివ్వాలనుకుంటున్నాను. చేస్తావా?"

నా గుండె ఎగిరి గంతేసింది. నా నోరు మాత్రం "నాకెందుకు మేడమ్, ఆమెకివ్వండి, నాకన్నా ఆమే బాగా చేస్తుంది" అంది.

ఆవిడ "అదేం మాట, నువ్వే చేయాలి" అంటుందనుకున్నాను. నేను మళ్లీ కాదంటాను, ఆవిడ మళ్లీ అడుగుతుంది, అప్పుడు తల వంచుకుని సరే అంటాను. అందుకు తగిన ముఖం కూడా పెట్టుకుని కూర్చున్నాను.

"నీది చాలా మంచి మనసు. థాంక్యూ" అంది ఆవిడ. చిరునవ్వుతో, శిక్షణలో మాకు చెప్పినట్టే.

లేచి తలుపు వైపు నడిచాను. ఎంత మెల్లగా నడిచానో మా అంగట్లో చెప్పులేసుకునే వాళ్లకు తెలుస్తుంది. తలుపు దగ్గర కాసేపు నిలబడ్డాను కూడా. ఎవరూ వెనక్కి పిలవలేదు.

తిరిగి లోపలికి పోయి నాకే కావాలని చెప్పొచ్చు కదా అంటారు. పోయి అడుక్కోవడమా? చచ్చినా నోరు రాలేదు.

ఇప్పుడు మా అంగట్లోనే కూర్చుని చీరలకు రీల్స్ చేస్తున్నాను. "దుబాయ్‌లో ఉద్యోగమిస్తే వద్దని వచ్చేసినాదప్పా మా పాప" అని మా నాయన వచ్చిన ప్రతి కస్టమరుకూ గొప్పగా చెబుతాడు. వాళ్లు నన్ను మెచ్చుకోలుగా చూస్తారు. నేను చీరలు మడతపెడుతూ ఉంటాను.

ఆమె వచ్చాక ఫోన్ చేసింది, ఇంటికి రమ్మని. ముద్దనూరులో బస్సు మారి పులివెందుల పోయాను. స్నేహం కొద్దీ అని ఇంట్లో చెప్పాను. నిజానికి ఆమె ఎట్లా తయారైందో చూడాలని పోయాను. బాగానే తయారైంది. జుట్టు కత్తిరించుకుంది, నాకన్నా మంచి ఇంగ్లిషులో ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. వాళ్లమ్మ బెల్లం పూర్ణంతో ఓళిగలు చేసి, నెయ్యేసి పెట్టింది. ఒకటి తిన్నాక ఇంకొకటి తెచ్చింది.

"చాలు చిన్నమ్మా."

"ఏం చాలు? ఒక్కటి ఏస్కోమ్మా."

"చాలంటాంది కదమ్మా," అంది ఆమె ఫోన్ పక్కన పెడుతూ. "అట్ల బలవంతం చేయగూడదు. వదిలేయ్."

నేను ఆమె ముఖంలోకి చూశాను. వచ్చే పోయే వాళ్లందరినీ 'చెల్లెలు పెడితే వద్దంటావా' అని నిలబెట్టిన మనిషేనా ఈమె!

వాళ్లమ్మ లోపలికి పోయాక ఆమె నాతో అంది. "మే, మా ఆఫీసులో ఇంకో మనిషి కావాలంట. నీ పేరు చెప్పాలనుకుంటాండా. వస్తావా?"

ఆమె కింద పనిచేయాలి. అయినా సరే, పోవాలని ప్రాణం లాగింది. ఆ గది, ఆ బస్సులు, మేనేజరు బల్ల కూడా కళ్ల ముందు కదిలాయి.

"నాకెందుకులే మే," అన్నాను. "ఈడ అంగడి ఎవరు చూస్తారు?"

అని, ఆగాను. ఈమె మన మనిషి. ఈమెకు తెలుసు. ఇప్పుడు 'ఏందే నీ బడాయి, నోరు మూసుకుని రా' అంటుంది.

"సరే మే, నీ ఇష్టం" అని నవ్వింది. ఎంతో మర్యాదైన నవ్వు. తర్వాత ఎండల గురించి మాట్లాడింది.

వాళ్లమ్మ మళ్లీ ఓళిగ పట్టుకుని వచ్చింది. "దాని మాట ఇడ్సిపెట్టు. ఒక్కటి, నా కోసం." చిన్నమ్మ మాట పూర్తికాకముందే నేను ప్లేటు చాపాను. ఆ తర్వాత కూడా ఆమె పెట్టినన్నీ తిన్నాను.