పేల్చని తుపాకీ

తొమ్మిదేళ్ళుగా ఒక మాటను మింగలేక, కక్కలేక తిరుగుతున్నాను. ఇంట్లో చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. నా ముఖం తెలియని మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

గోదావరి జిల్లా అనగానే అందరూ కాలవలు, వరిచేలు అనుకుంటారు. మాది కోరుకొండ అవతల మెట్ట. కర్రపెండలం వేస్తాం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం మిల్లులకు తోలుతాం. దుంప ఊరే వేళకు అడవి పందులు కొండ దిగుతాయి. ఒక్క గుంపు పడిందంటే అరెకరం తవ్వి పోసి వెళ్ళిపోతుంది. నాది కౌలు చేను. ఆ పంట పోతే మరుసటి ఏడాది ఆ చేను నాకు ఇవ్వరు.

పందుల్ని తోలడానికి నాకూ, పక్క చేను బాబాయికీ పంట కాపలా లైసెన్సు మీద చెరో నాటు తుపాకీ ఉండేది. బాబాయి అంటే చుట్టం కాదు. గట్టు కలిసిన వరస, అంతే. ఆ తుపాకులు మూతిలోంచి నల్లమందు పోసి, చువ్వతో దట్టించి, సుత్తి కింద చిన్న రాగి క్యాపు పెట్టి పేల్చే పాతకాలపు సరుకు. గుళ్ళు వేసేవాళ్ళం కాదు. ఉత్తి మోతకే పందులు కొండెక్కేవి.

చిక్కంతా ఆ మందుతోనే. అది రాజమండ్రిలో ఒక్క కొట్టులోనే దొరికేది. దొరికేది అనకూడదేమో. మందు ఉంటే క్యాపులుండవు. క్యాపులొస్తే మందుండదు. రెండూ ఉన్న రోజున మన లైసెన్సు పుస్తకం రెన్యువల్ కోసం ఆఫీసులో ఉంటుంది. "ఆయ్, లోడు రాలేదండి, వచ్చే వారం కనపడండి" అనేవాడు కొట్టాయన, చల్లగా. ఆ వచ్చే వారం ఎన్నిసార్లు వచ్చిందో నాకూ ఆ బస్సు కండక్టరుకూ తెలుసు. ఊళ్ళో సలహాలకు మాత్రం కొరత లేదు. మంగలి షాపులో జుట్టు తెచ్చి గట్ల మీద చల్లమన్నారు, చల్లాను. రంగు చీరలు కట్టమన్నారు, మా ఆవిడ పాత చీరలన్నీ చేను చుట్టూ కట్టాను. పందులు రెండు రోజులు మొహమాటపడ్డాయి. మూడో రోజు ఒకటి చీరతో సహా వెళ్ళిపోయింది. ఆ చీర గురించి మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది.

అందుకని నేనూ బాబాయీ వంతులు పెట్టుకున్నాం. ఒకరోజు ఆయన పేలుస్తాడు, మరునాడు నేను. ఒక్క మోత రెండు చేలనూ కాస్తుంది, మందు సగం మిగులుతుంది. మంచి ఏర్పాటే. కానీ బాబాయిది దొడ్డ చెయ్యి. కొలత గిన్నె నిండా పోసి, పైన ఇంకొంచెం పోసేవాడు. ఆకు కదిలితే పేల్చేవాడు. పంది వచ్చిందా అంటే రావొచ్చు కదా అనేవాడు. నేను గట్టు మీద నిలబడి పళ్ళు నూరుకునేవాణ్ణి.

ఆ ఏడు కార్తీకంలో కొట్టాయన చివరి మందు డబ్బా ఒకటి, క్యాపులతో సహా, నా లైసెన్సు మీద రాసి ఇచ్చాడు, ఇక ఎప్పుడొస్తుందో తెలియదన్నాడు. తిరుగు బస్సులో ఒళ్ళో సంచీ పెట్టుకుని ఒకటే ఆలోచన. ఇది బాబాయి కంట పడితే సగం అడుగుతాడు. ఇస్తే గాలికి పేల్చేస్తాడు. దుంప తవ్వడానికి ఇంకా నెల ఉంది. బస్సు దిగి చేను దగ్గరికి వచ్చేసరికి ఆయన గట్టు మీదే కూర్చుని ఉన్నాడు.

"ఏరా అబ్బాయ్, దొరికిందా?"

"లేదు బాబాయ్. కొట్టు ఖాళీ."

"మరి నీ దగ్గర పాతదేమన్నా ఉందా?"

"లేదు బాబాయ్. డబ్బా దులిపేశాను."

"సర్లే, దానికి మొహం అలా పెట్టుకుంటావేంటి? నా దగ్గర ఉందిగా. నీ వంతు కూడా నేనే పేల్చేస్తాను. చేలు రెండూ మనవే కదా."

అబద్ధం ఆడడానికి అర నిమిషం పట్టలేదు. ఆయన తన మందుతో నా చేను కూడా కాశాడు. ఎన్నాళ్ళు? పన్నెండు రోజులు. పదమూడో రోజున ఆయన దగ్గర నిజంగానే అయిపోయింది. అప్పుడు తెలిసింది నాకు, నేనెంత తెలివితక్కువ పని చేశానో. ఇంట్లో నిండు డబ్బా ఉంది. పేలిస్తే మోత ఊరంతా వింటుంది. మోత లేకుండా పేలే మందు ఎక్కడైనా ఉందా? దాచిన క్షణంలోనే అది నాకు పనికిరాకుండా పోయింది. ఇంత చిన్న లెక్క బస్సులో నాకెందుకు తట్టలేదు?

అయినా భయం కొద్దీ తుపాకీ నింపుకుని చేనుకు వెళ్ళేవాణ్ణి. నా చేలోకే వస్తే చూద్దాం, అటకమీద పాత పొట్లం కనపడిందని చెబుదాం అనుకునేవాణ్ణి.

అవి వచ్చింది బాబాయి చేలోకి. తెల్లవారింది, మనిషి ముఖం తెలిసే వెలుగు ఉంది. ఆయన స్టీలు కంచం మీద గరిటెతో కొడుతూ, కేకలేస్తూ వాటికి ఎదురెళ్ళాడు. గుంపు చెదిరింది. ఒక మగపంది మాత్రం కదల్లేదు. తల దించింది. నేను గట్టు మీద ఉన్నాను. చేతిలో నిండిన తుపాకీ, క్యాపుతో సహా. వేలు నొక్కితే చాలు. అనుకున్న పొట్లం సాకు గుర్తే రాలేదు, అప్పుడు నా బుర్రలో మెదిలింది ఒక్కటే. పేలిస్తే పంది పారిపోతుంది, బాబాయి వెనక్కి తిరిగి నన్ను చూస్తాడు.

ఆ చూపుకు భయపడ్డాను. పందికి భయపడ్డానని నాకు నేను చెప్పుకుందామని చాలా ఏళ్ళు ప్రయత్నించాను, కుదరలేదు.

కంచం కింద పడ్డ చప్పుడు వినపడింది. ఆ తరవాత చేసింది ఇంతకంటే హీనం. ముందు మోటారు షెడ్డులోకి వెళ్ళి తుపాకీని గోనెసంచుల కింద దాచాను. నిండిన తుపాకీ ఎవరైనా చూస్తే గుట్టు రట్టవుతుందని. అప్పుడు పరిగెత్తాను. పంది వెళ్ళిపోయింది, బాబాయికి తొడ నుంచి మోకాలి దాకా చీలిపోయింది. భుజాన వేసుకుని రోడ్డు దాకా మోశాను, ఆటో ఎక్కించాను, ఆసుపత్రిలో రక్తం ఇచ్చాను. బతికాడు. కాలు మాత్రం వంగదు.

ఆ తుపాకీ నిండే ఉండిపోయింది. మూతిలోంచి నింపేదాన్ని ఖాళీ చేయాలంటే నాకు తెలిసిన దారి పేల్చడం ఒక్కటే. పేల్చలేను. చివరికి గొట్టంలో నీళ్ళు పోసి ఆ మందును చంపాను. డబ్బాలో ఉన్నది బురద కాలవలో కలిపేశాను. తుప్పు పట్టిన తుపాకీని స్టేషన్‌లో అప్పగిస్తుంటే రైటరు, "ఇంత బాగా చూసుకున్నారేంటండీ" అని నవ్వాడు. నవ్వలేక నేనూ నవ్వాను.

ఇప్పుడు చేలకు సోలారు కంచె వచ్చింది. బాబాయి కర్ర పట్టుకుని రోజూ పది గంటలకు మా వీధి టీ కొట్టుకు వస్తాడు. కొత్తవాడు ఎవడు కనపడినా మొదలుపెడతాడు. "ఇదిగో, ఈ అబ్బాయి మొయ్యకపోతే నేను ఆ చేలోనే పోయేవాణ్ణండి." ఆ మాట ఎన్ని వందలసార్లు విన్నానో. వినీ వినీ విసుగొచ్చి ఒకసారి ఆయన మీదే అరిచాను, ఇక ఆపు బాబాయ్ అని. చేసిన మేలు చెప్పుకోనివ్వడు, ఎంత మంచివాడో చూడండి అన్నాడు అందరితో. ఇక నేనేం చెయ్యను?

ఆయనకు చెబుతానా? చెప్పనేమో. తొమ్మిదేళ్ళు నోరు రాని వాడికి రేపు వస్తుందని మీకు మాటివ్వలేను. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, ఆ కాలు మీది కాదు. గట్టు మీద ఆయన అడిగిన ప్రశ్నకు ఒక్కసారైనా సరైన జవాబు చెప్పాలనిపించింది, ఇక్కడైనా సరే.

ఉంది బాబాయ్. నిండు డబ్బా ఉంది.

పదవుతోంది. వీధిలో కర్ర చప్పుడు వినపడుతోంది.