మందు ఎంచిన నేతన్న

ఎమ్మిగనూరులో మా పక్కింటి నేతన్న రెండు నూలు చిలపలు పక్కపక్కన పట్టి, వేళ్లతో నలిపి చూసిగానీ కొనేవాడు కాదు. హెపటైటిస్ బికి రోజూ టెనోఫోవిర్ వాడేవాడు. అది కొందరికి కిడ్నీలను దెబ్బతీస్తుందని, అదే జబ్బుకు ఎంటెకవిర్ అనే ఇంకో మందు ఉందని విని, ఆదోనిలో తన డాక్టరును అడిగాడు.

"కిడ్నీకి ఇది మంచిదా, ఎంటెకవిర్ మంచిదా సార్?"

"డాక్టరు నువ్వా, నేనా? రాసింది మింగు."

"పోగు తెగితే ముడేస్తాను సార్. కిడ్నీకి యాడ ముడేసేది? సెప్పేదాకా ఈడనుంచి లేసేది లేదు."

వెనక కూర్చున్నవాళ్లు నవ్వారు. అమ్మకు తోడొచ్చిన నేను తల దించుకున్నాను. డాక్టరు విసురుగా ఫైలు తెరిచాడు. కిడ్నీ రిపోర్టు చదివాడు. టెనోఫోవిర్ కొట్టేసి ఎంటెకవిర్ రాశాడు.

నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ రిపోర్టు అప్పటికే ఆర్నెల్లుగా ఆ ఫైల్లోనే ఉంది.