రంపపు పొట్టులో ఇత్తడి గీత

నా చిన్నప్పుడు మా ఊళ్లో విన్న చప్పుళ్లు చాలావరకు చెవుల్లోంచి జారిపోయాయి. రంపం తెగిన చప్పుడు మాత్రం పోలేదు. వంటింట్లో స్టీలు పళ్లెం జారిపడితే ఇప్పటికీ నా భుజాలు వాటంతటవే పైకి లేస్తాయి. ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి డైరీ రాస్తున్నాను. కూరగాయల ధర దగ్గర్నుంచి వాన పడిన వేళ దాకా అందులో ఉంటాయి. ఈ సంగతి మాత్రం ఏ ఏడాది డైరీలోనూ రాయలేదు. దీనివల్ల నొచ్చుకునేవారు ఇప్పుడెవరూ లేరు గనక రాస్తున్నాను.

మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. 1960ల చివరి సంవత్సరాలు. మా చిన్నాన్న విజయనగరంలో లారీలు బాగుచేసే షెడ్డులో కొన్నేళ్లు పనిచేసి, ఇక ఒకరి కింద పని చెయ్యనని తిరిగొచ్చేశాడు. అప్పట్లో మా వైపు దుంగ కోయాలంటే దాన్ని గోతి మీద పెట్టి, ఒక మనిషి పైన, ఒక మనిషి గోతిలో నిలబడి పెద్ద రంపం లాగడమే. మా ఊళ్లో ఆ పనికి ఇద్దరు అన్నదమ్ములుండేవారు. చిన్నాన్న పట్నంలో చక్రాల మీద తిరిగే పట్టీ రంపాన్ని చూసొచ్చాడు. అలాంటిది కొనే స్తోమత మాకు లేదు. అందుకని తానే తయారుచెయ్యడానికి పూనుకున్నాడు.

మా పొలంలో నూతి దగ్గర నీళ్లు తోడే ఆయిలింజను ఉండేది. దాని పక్కన తాటాకు పాక వేసి, రెండు పాత బండి చక్రాలను ఒకదానిపైన ఒకటి నిలబెట్టాడు. పొడవాటి ఉక్కు పట్టీకి ఒక అంచున పళ్లుంటాయి. దాని రెండు కొసలూ అతికి, దండలా చేసి, ఆ చక్రాలకు తొడగాలి. ఇంజను కింది చక్రాన్ని తిప్పితే రంపం గిర్రున తిరుగుతుంది. దుంగను నాలుగు చక్రాల చిన్న బండికి కట్టి రంపం మీదకి తోస్తే పలక విడిపోతుంది. చెప్పుకోవడానికి ఇంతే. మొదటిసారి తిప్పినప్పుడు రంపం చక్రం అంచుకి జరిగి జరిగి కింద పడిపోయింది. గోతి రంపం అన్నదమ్ములు గట్టు మీద కూచుని, "బండి సక్రాలు కదా, ఎడ్లు లేకపోతే ఎలగ నడుస్తాయి మరి" అని నవ్వారు.

చిన్నాన్న నవ్వులకి లొంగే మనిషి కాదు. లారీ ట్యూబు ముక్కలు కోసి చక్రం చుట్టూ అంటించి, నడిమధ్య ఇంకో పొర వేసి కొంచెం ఉబ్బెత్తుగా చేశాడు. అప్పట్నుంచి రంపం జరగడం మానేసింది. రంపం వేడెక్కుతోందని శివాలయంలో ధారపాత్రలాగా ఒక కుండకి చిల్లి పెట్టి, గుడ్డపీలిక దూర్చి, పైన వేలాడదీశాడు. చుక్కచుక్కగా నీళ్లు పడేవి. పట్టీ బిగువుగా ఉండాలంటే పై చక్రాన్ని ఎప్పుడూ పైకి ఎత్తిపట్టే బరువు కావాలి. ఒక ఉదయం మా నాయనమ్మ తిరగలి పైరాయి మాయమైంది. అది మిల్లులో ఏతంలా బిగించిన ఒక దూలం చివర వేలాడుతూ కనిపించింది. ఆవిడ పాక ముందు నిలబడి తిట్టిన తిట్లు ఊరంతా విన్నది. రాయి మాత్రం తిరిగి రాలేదు.

వీటన్నిటికన్నా ఆయనకి గర్వం తన అతుకంటే. రంపం రెండు కొసలనూ పల్చగా అరగదీసి, ఒకదానిపై ఒకటి పెట్టి, నడుమ ఇత్తడీ, అది కరిగి పట్టుకోవడానికి వెలిగారమూ వేసి కొలిమిలో కాల్చి అతికేవాడు. నల్లటి ఉక్కు మీద అక్కడొక్కచోటే బంగారు గీతలా మెరిసేది. వచ్చినవాళ్లందరికీ ఆ గీత చూపించి, "ఇంకెక్కడన్నా తెగొచ్చుగాని నా అతుకు కాడ తెగదు" అనేవాడు. అందులో అతిశయోక్తి లేదు. ఆయనకి అబద్ధం చెప్పడం చేతకాదని ఊరందరూ ఎరుగుదురు. సంతలో ఎద్దునమ్మడానికి వెళ్లి, దాని కుంటి సంగతి అడక్కుండానే చెప్పేసి, మళ్లీ ఇంటికి తోలుకొచ్చిన మనిషి.

ఆనాటి సంగతి చెప్పేముందు మా వైపు ఆచారం ఒకటి చెప్పాలి. ఎవరికైనా గాలి సోకిందనుకుంటే మంత్రగాణ్ని పిలిచేవారు. అతను రాగి తీగ చుట్టిన పొడుగాటి ఇనుప మేకు తెచ్చి, ఆ గాలిని ఒక చెట్టులోకి దిగ్గొట్టేవాడు. ఏ చెట్టో, ఎంత ఎత్తులోనో ఎవరికీ చెప్పేవాడు కాదు. ఆ తరవాత ఆ మేకు మాట ఎవరూ నోట అనకూడదు. అంటే మేకు వదులవుతుందని భయం. ఏళ్లు గడిచేసరికి చెట్టు దాన్ని తన బెరడులో కప్పేసుకునేది. మనుషులు మౌనంలో కప్పేసుకునేవారు.

మా పక్కింటి అక్కకి అలాంటి మేకు కొట్టారని నాకు చాలా తరవాతే తెలిసింది. తల్లి పోయిన ఏడాది ఆమె తిండి మానేసి, మాట మానేసి, గోడవైపు తిరిగి కూచుండిపోయిందట. తండ్రి చెయ్యని వైద్యం లేదు. చివరికి మంత్రగాడు వాళ్ల పెరటి వెనక చెట్లలోకి వెళ్లొచ్చాడు. అక్క మెల్లగా కోలుకుంది. తరవాత నరసన్నపేట వైపు సంబంధం కుదిరింది. ఈ కబురు ఆ ఊరు చేరకుండా మా ఊరు ఊరంతా నోరు కట్టుకుంది. దెయ్యం పట్టిన పిల్ల అన్న మాట అత్తవారింట పడితే మళ్లీ గడప తొక్కనివ్వరు. అలా పుట్టింట మిగిలిపోయిన వాళ్లు మా చుట్టుపక్కల ఊళ్లలో ఉండేవారు.

అక్క కడుపుతో పుట్టింటికి వచ్చిన కొద్ది రోజులకే పెద్ద గాలివాన వచ్చి, వాళ్ల పెరటి వెనక ఇప్పచెట్టు కూలిపోయింది. ఇప్ప మంచి చేవ ఉన్న కర్ర. అత్తవారు కొత్తగా వేస్తున్న గదికి గుమ్మమూ తలుపులూ అందులోంచే ఇస్తానని అక్క తండ్రి మాటిచ్చాడు. చెక్కలు తీసుకువెళ్లడానికీ, కోడల్ని చూసుకోవడానికీ అత్తగారే స్వయంగా బండి కట్టించుకుని వచ్చింది. చిన్నాన్న మిల్లుకి వచ్చిన మొదటి పెద్ద దుంగ అదే. దుంగను బండికి కడుతూ ఆయన, "అన్నా, ఇందులో మేకులూ గీకులూ ఏటీ లేవు కదా" అని అక్క తండ్రిని మామూలుగానే అడిగాడు. దుంగ ఎవరు తెచ్చినా అలా అడగడం ఆయన అలవాటు. అక్క తండ్రి పక్కనే ఉన్న వియ్యపురాలి వైపు చూసి, లేవన్నట్టు తలూపాడు. పెరటి వెనక చెట్లు చాలా ఉన్నాయి, ఇది అది కాదులే అనుకుని ఉంటాడు. మా తాతయ్య అక్కడే ఉన్నాడు. తెలిసినవాళ్లెవరూ నోరు మెదపలేదు.

నేనూ అక్కా పాక గుంజకి ఆనుకుని నిలబడ్డాం. ఆమె చెయ్యి నా చేతిలో ఉంది. మొదటి పలక వెన్నలా విడింది. ఎర్రటి చేవ చూసి అత్తగారు కూడా తల పంకించింది. రెండో కోత సగం దాకా వచ్చేసరికి రంపం గొంతు మారింది. కీచుమని ఒక్క అరుపు, దుంగలోంచి నిప్పురవ్వలు, ఆ వెంటనే పిడుగు పడ్డట్టు చప్పుడు. అక్క నన్ను కిందికి లాగి నా మీద వంగిపోయింది. కుండ పగిలి నీళ్లు మా మీద పడ్డాయి. కళ్లు తెరిచేసరికి తెగిన రంపం తాటాకు కప్పులోంచి పాములా వేలాడుతోంది. దాని ఒక ముక్క, అంతకు ముందు అక్క తల ఆనుకుని ఉన్న చోట, గుంజలో దిగబడి ఇంకా వణుకుతోంది.

ఇంజను ఆగిపోయింది. అందరి కళ్లూ ఆ గుంజ మీదే ఉన్నాయి. నేను నేల మీద ఉన్నాను గనక నా చూపు దుంగ కిందికి పోయింది. అక్కడ రంపపు పొట్టులోంచి సన్నగా పొగ లేస్తోంది. పొగలో వంకర తిరిగిన పొడుగాటి మేకు, దాని మెడకి రాగి తీగ. రంపపు పళ్లు దాన్ని దుంగలోంచి పెరికి పడేశాయి. అక్క కూడా అటే చూసింది. నా చేతిలో ఆమె చెయ్యి చల్లబడిపోవడం ఇప్పటికీ నా అరచేతికి తెలుసు.

మా తాతయ్య కూడా చూశాడు. ఆయన నోరు తెరుచుకుంది. "ఒరే, అది ఆ..." అన్నాడు.

చిన్నాన్న వంగి ఆ మేకుని పిడికిట పట్టేశాడు. పొగలు కక్కుతున్న ఇనుమది. ఆయన మెడ మీద నరం లేచింది గాని మొహం మారలేదు. నిటారుగా నిలబడి, దుంగకి వీపు ఆనించి, తాతయ్య మాట మీదుగా పెద్దగా అరిచాడు. "నాన్నా, నువ్వు గమ్మునుండు! ఏటైనాదో నాకు తెలీదేటి? నా అతుకే! నా అతుకు ఊడిపోనాది!"

నేను బిత్తరపోయాను. ఎందుకంటే అతుకు నా కాళ్ల దగ్గరే ఉంది. తెగిన రంపం ముక్క ఒకటి పొట్టులో పడి ఉంది. దాని నడుమ ఇత్తడి గీత చెక్కుచెదరకుండా మెరుస్తోంది. "చిన్నాన్నా, అతుకు..." అని మొదలుపెట్టాను. ఆయన ఒక్క అడుగు ముందుకి వేసి, ఆ గీత మీద పాదం పెట్టి, నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. బతిమాలుతున్నాడు. పెద్దవాళ్లు చిన్నపిల్లని బతిమాలడం నేను అంతకుముందు చూడలేదు. నేను ఆ పాదం మీద నుంచి చూపు తిప్పుకున్నాను.

అత్తగారు అప్పటికి తేరుకుంది. "ఓలమ్మో, నా కోడల్ని సంపేసేవాడివి కదరా! కడుపుతో ఉన్న పిల్ల! సక్రాలు బండివి, రాయి తిరగలిది, అతుకు సూస్తే గంజితో అంటించినట్టున్నాది. దీన్ని మిల్లంతారేటి? థూ!" అంది. గోతి రంపం అన్నదమ్ములు గట్టు మీద నుంచి, "మేం ముందే సెప్పలేదేటి" అన్నారు. చిన్నాన్న తల వంచుకుని, "తప్పు నాదే తల్లీ, నాదే" అంటూ నిలబడ్డాడు. పాదం కదల్లేదు. పిడికిలి విప్పలేదు. అక్క తండ్రి నేల మీద చతికిలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. కూతురు త్రుటిలో బతికిందని అలా అయిపోయాడనుకుని, అత్తగారు ఆయన్ని కూడా ఓదార్చింది.

సాయంత్రం నూతి గట్టు మీద చిన్నాన్న బాల్చీలో చెయ్యి ముంచుకుని కూచున్నాడు. అరచేతిలో అడ్డంగా కాలిన మచ్చ, మేకు అచ్చు పడినట్టుంది. నాకు ఏడుపొచ్చింది. "అతుకు బాగానే ఉంది కదా, అబద్ధం ఎందుకు చెప్పావ్?" అని అడిగాను. ఆయన బాల్చీలోంచి చెయ్యి తీసి చూసుకున్నాడు. "మిల్లుదేటున్నాదే, మళ్లీ అతికేసుకుంతాను. ఆ పిల్ల పేరు తెగిపోతే ఏ వెలిగారం పెట్టి అతుకుతాం సెప్పు?" అన్నాడు. తరవాత మెల్లగా, "నువ్వు సూసింది నీకాడే ఉంచీ అమ్మా" అన్నాడు.

మర్నాడు ఆయన ఆ అన్నదమ్ముల ఇంటికి స్వయంగా వెళ్లి, మిగిలిన దుంగ కోసిపెట్టమని అడిగాడు. వాళ్లలో ఒకడికి జ్వరం. అయితే కిందకి నేను దిగుతానని గోతిలోకి దిగాడు. గోతిలో ఉన్నవాడి కళ్లలో, నోట్లో పొట్టంతా పడుతుంది. చేతికి గుడ్డ కట్టుకుని, తనని వెక్కిరించిన మనిషి కింద నిలబడి రోజంతా రంపం లాగాడు. మేకు చిల్లి ఉన్న ముక్కని తానే నరికి పొయ్యిలో పెట్టాడు. గుమ్మం చెక్కలతో అత్తగారి బండి ఊరు దాటేదాకా ఆయన అన్నం ముట్టలేదు.

ఆ మీదట చాలాకాలం ఆ మిల్లుకి దుంగలు రాలేదు. అతుకు నిలవని మిల్లని పేరుపడింది. ఆయన ఖాళీగా కూచోలేదు. చక్రాల చుట్టూ గట్టి చెక్కలతో పెట్టె కట్టాడు. సైకిలు డైనమో విప్పి, అందులోని అయస్కాంతాన్ని దారానికి కట్టి, ఏ దుంగ వచ్చినా దాని పొడవునా మెల్లగా నడిపించేవాడు. దారం ఎక్కడన్నా పక్కకి లాగితే అక్కడ ముందు ఉలితో తొలిచేవాడు. మనుషుల్ని మాత్రం మేకులున్నాయా అని మళ్లీ అడగలేదు. అడిగితే వాళ్లు అబద్ధం చెప్పాల్సి వస్తుందనేవాడు. ఇక ఆ మేకుని కొలిమిలో కాల్చి, వంచి, కొక్కెం చేశాడు. నాయనమ్మ తిరగలి రాయి ఆ కొక్కేనికే వేలాడుతూ ఉండేది. మిల్లుకి వచ్చిన ప్రతివాళ్లూ దాన్ని చూశారు. ఎవరికీ తెలియలేదు.

ఆ మరుసటేడు అక్క చంకలో బిడ్డతో వచ్చి పాకలో నిలబడింది. కొక్కెం వైపు చూసింది. ఆయన కుడిచేతి వైపు చూసింది. మేకు మాట మా ఊళ్లో ఎవరూ అనరు గనక ఆమె కూడా అనలేదు.

"మా అత్త ఇప్పటికీ నిన్ను తిడతన్నాది సిన్నాన్నా. కొత్త తలుపేసినప్పుడల్లా తిడతాది" అంది.

"తిట్టనీవే" అన్నాడాయన, బిడ్డ గడ్డం పట్టుకుని. "తిడతన్నన్నాళ్లూ నాకు నిమ్మళంగుంతాది."

అక్క నవ్వబోయి ఏడ్చేసింది.

తరవాత నా ఉద్యోగంలో విచారణకి వచ్చి ఎందరో నా బల్ల ముందు నిలబడి తప్పు నాదేనన్నారు. చాలామంది విషయంలో అది నిజమే. కానీ ఎవరైనా ఆ మాట మరీ తొందరగా అన్నప్పుడు నేను కాగితం మీద ఏమీ రాయకుండా కలం పక్కన పెట్టేదాన్ని. నాకు తెలియకుండానే నా చూపు వాళ్ల మొహం మీద నుంచి పాదాల మీదకి దిగేది. ఆ పాదం కింద ఏ ఇత్తడి గీత ఉందోనని.