మా నాన్నకు లేని రెండు ఆవులు

ఆ రోజుల్లో వ్యాసం అంటే రాసేది కాదు, దింపేది. గైడులోంచి బుర్రలోకి, బుర్రలోంచి పేపరు మీదికి. ప్రకృతి గురించి రాయమంటే సెలయేళ్లు గలగల పారాలి. సాహిత్యం గురించి రాయమంటే కవి హృదయం ఉప్పొంగాలి. నీతి గురించి రాయమంటే మొదటి వాక్యంలోనే మానవుడు సంఘజీవి అయిపోవాలి. మా మదనపల్లె వైపు ఏర్లలో ఏడాదికి పది నెలలు ఇసుక తప్ప ఏమీ కనిపించదు, అయినా మా పరీక్ష పేపర్లలో మాత్రం ఏనాడూ కరువు రాలేదు. ఈ విద్యలో నేను సామాన్యురాలిని కాను. 'సముద్ర తీరాన ఒక సాయంత్రం' అనే వ్యాసానికి డిగ్రీ కాలేజీ మొత్తానికీ మొదటి బహుమతి నాదే. (అప్పటికి నేను చూసిన అతి పెద్ద నీళ్లు మా వీధి చివర నీళ్ల ట్యాంకు. అది కూడా కింద నిలబడి చూసిందే.) ఆ సర్టిఫికెట్టు చూపించే, బి.ఇడి. కాగానే, పుంగనూరులో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరుగా చేరాను. తొంభైల చివరి మాట.

తొమ్మిదో తరగతికి మొదటి వ్యాసం 'ప్రకృతి శోభ' ఇచ్చాను. ముప్పై ఎనిమిది మంది పిల్లలూ ఒకే జలపాతాన్ని, ఒకే సాయంత్రం, ఒకే ఇంద్రధనుస్సుతో సహా చూసి వచ్చారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ జలపాతం ఏ గైడులో ఏ పేజీలో ఉందో నాకు బాగా తెలుసు మరి. బల్ల మీద డస్టరు కొట్టి, "గైడు చూసి రాస్తే సున్నా. మీ కళ్లతో చూసింది రాయండి. నిజం రాయండి. నిజం రాస్తే భాష దానంతటదే వస్తుంది" అని ఉపన్యాసం ఇచ్చాను. (ఈ చివరి వాక్యం కూడా నేను ఎక్కడో చదివి దింపిందే.)

పిల్లలతో వచ్చిన చిక్కేమిటంటే, ఒక్కోసారి వాళ్లు మనం చెప్పినట్టే చేస్తారు. మళ్లీ రాయించిన ప్రకృతి వ్యాసంలో ఒక అబ్బాయి, "రేటు లేనప్పుడు టమాటాలు రోడ్డు పక్కన పారబోస్తాము. అప్పుడు రోడ్డు ఎర్రగా చాలా అందంగా ఉంటాది. మా నాయిన మాత్రం ఆ పక్కకు సూడడు" అని రాశాడు. స్టాఫ్ రూములో కూర్చుని చాలాసేపు ఆ పేపరు మడత పెట్టలేకపోయాను. ఇక మూడో బెంచీలో ఒక రెండు జడల పిల్ల ఉండేది. నోరు విప్పి మాట్లాడేది తక్కువ, కలం పట్టిందంటే ఎక్కడా ఆగేది కాదు, అన్నీ కామాలే. మనసులో ఆమెకు కామా పిల్ల అని పేరు పెట్టుకున్నాను. ఇచ్చిన మాట కోసం రాజ్యం వదిలేసి అడవికి పోయిన రాజు పాఠాన్ని విమర్శించమంటే ఆమె ఇలా రాసింది: "రాజు మాట నిలబెట్టుకున్నాడు, బాగనే ఉంది, అయితే తెల్లారితే ఆవులకు మేత ఎవురు వేస్తారు, పాలు ఎవురు పిండుతారు అని రాజు అడగలేదు, రాణీ అడగలేదు, ఇంట్లో ఆవులు లేనోళ్లకే ఇట్లాంటి మాటలు ఇచ్చేదానికి అవుతాది,". సాహిత్య విమర్శ మీద నేను చదివిన పుస్తకాలన్నీ అటక ఎక్కించవచ్చు అనిపించింది.

ఆ ఊపులో మూడో వ్యాసం ఇచ్చాను: 'నిజాయితీ – మా ఇల్లు'. పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో ఏ ఇంటికైనా ఆధారం ఒకటో రెండో ఆవులు. పొద్దునా సాయంత్రం పాలు తీసుకుపోయి పాల కేంద్రంలో పోస్తారు. అక్కడ లెక్కలు రాసే రైటరు ఆ పాలలో ఒక గాజు గొట్టం వేసి, అది మునిగేదీ తేలేదీ చూసి చిక్కదనం కడతాడు. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు. కామా పిల్ల పేపరు చూసి తెలుసుకున్నాను. "మా నాయిన పొద్దున పాలల్లో ఒక చెంబుడు నీళ్లు పోస్తాడు, అయితే పక్కింటి బాలింతకు ఇచ్చే పాలల్లో పొయ్యడు, అడిగితే ఆయమ్మ ముఖం మనకు తెలుసు గదా అన్నాడు, కేంద్రం పాలు యా ఊరికి పోతాయో ఎవురు తాగుతారో మాకు తెలియదు, ముఖం తెలిసినోళ్లకు నీళ్లు పొయ్యము, తెలియనోళ్లకు పోస్తాము, ఇది మంచిదా చెడ్డదా నాకు తెలియలేదు, టీచరు చెప్పాల,". ఇరవైకి పందొమ్మిది వేసి, ఎర్ర సిరాతో పెద్ద టిక్కు పెట్టి, 'చాలా బాగుంది' అని రాశాను.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. మా స్కూలు వరండాలో ఒక గోడపత్రిక ఉండేది. దానికి సంపాదకురాలిని నేనే. పిల్ల పేరు తీసేసి (నా తెలివి మీద నాకు అంత నమ్మకం), నా చేత్తోనే చార్టు మీద స్కెచ్ పెన్నులతో గుండ్రంగా ఆ వ్యాసం రాసి తగిలించాను. అంచుకి పువ్వులు కూడా వేశాను. ఆ శనివారం ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకాలకు తండ్రులందరూ వస్తారన్న సంగతి గుర్తు లేక కాదు. గుర్తుండే తగిలించాను, నా శిష్యుల ప్రతిభ ఊరందరూ చూడాలని.

అందరూ చూశారు. చదవడం రానివాళ్లు, "ఏం రాసిండారప్పా, కొంచెం సదువు" అని ముందు నిలబడిన మనిషిని అడిగారు. ఆ మనిషి పాల కేంద్రం రైటరు. ఆయన కొడుకు ఏడో తరగతి. గొంతు సవరించుకుని, రేడియోలో వార్తలు చదివినట్టు మొదటి నుంచి చివరిదాకా కామాలతో సహా చదివి, వెనక్కి తిరిగాడు. వెనకున్న పాతికమంది తండ్రుల్లో ఒకరు పైకప్పు చూస్తున్నారు, ఒకరు చెప్పు సర్దుకుంటున్నారు, ఒకాయన ప్రోగ్రెస్ కార్డు తలకిందులుగా పట్టుకుని శ్రద్ధగా చదువుతున్నాడు. "ఇది యా ఇంటి బిడ్డ రాసిందో సోమవారానికి నాకు తెలియాల. ఆ ఇంటి పాలు ఇంగ నేను పట్టను" అన్నాడు రైటరు.

పేరు దాచడంలోని నా తెలివి ఫలితం ఆదివారం తెలిసింది. పేరు లేదు గనక ప్రతి తండ్రీ అది తన బిడ్డే రాసిందనుకున్నాడు. శనివారం సాయంత్రం పల్లె పల్లెలో పిల్లల్ని నిలబెట్టి అడిగారట. ఆదివారం పొద్దున కేంద్రానికి వచ్చిన పాలు ఎంత చిక్కగా ఉన్నాయంటే, రైటరు ఆ గాజు గొట్టం పాడైపోయిందని రెండుసార్లు విదిలించి చూశాడట. ఇవన్నీ సోమవారం పిల్లలు చెబితే నవ్వుకుంటూ ఉండగా, కామా పిల్ల నా దగ్గరకు వచ్చి నిలబడింది. "మేడం, నా పేరు చెప్తారా? మా పాలు పట్టకపోతే నన్ను బడి మాన్పిస్తారు. మీరే గదా నిజం రాయమనింది" అంది. నా నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. ఈ పిల్ల ప్రాణం మీదికి తెచ్చింది నా గొప్పలే తప్ప ఇంకేమీ కాదని అప్పుడే తెలిసింది. సిగ్గేసింది.

పదిగంటలకు కరస్పాండెంటు గారి గదికి పిలుపు వచ్చింది. రైటరూ, పదిపన్నెండు మంది తండ్రులూ ఉన్నారు. "పేరు చెప్పమ్మా. టీసీ ఇచ్చి పంపించేస్తే సరిపోతుంది. ఈ స్కూలు నడిచేది వీళ్ల వల్లనే" అన్నారు కరస్పాండెంటు గారు. గది వాకిట్లోంచి చూస్తే తొమ్మిదో తరగతి కిటికీ, కిటికీలో రెండు జడలు. నా నోటి నుంచి మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"అది నేను రాసిందే సార్. చేతిరాత చూడండి, నాదే."

రైటరు నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వు టౌనుదానివి గదమ్మా. పాలల్లో నీళ్ల సంగతి నీకు యాడ తెలుసు?"

"మా ఇంట్లో చూసిందే."

"మీ నాయినకు ఆవులుండాయా?"

"రెండు ఉన్నాయి."

"నీళ్లు పోస్తాడా?"

"చెంబుడు" అన్నాను, తల వంచుకుని.

గదిలో పన్నెండు మంది ఒకేసారి ఊపిరి వదిలారు. అందరి ముఖాల్లోనూ నా మీద జాలి పొంగుకొచ్చింది. ఒక పెద్దాయన దగ్గరికి వచ్చి, "బాధపడొద్దమ్మా. కష్టాలు మనుషులకు రాకపోతే మానులకొస్తాయా. ఎవురింట్లో లేదు ఈ కత..." అంటూ, పక్కన రైటరు ఉన్నాడని గుర్తొచ్చి, "అంటే, టౌను పక్కన. మా పక్క ఇట్లాంటివి లేవు" అని ముగించాడు. తండ్రులందరూ లేవు లేవన్నారు. రైటరు నేల చూస్తూ, "మన పక్క యాడ ఉంటాయిలే" అన్నాడు. ఆయనకు ఏళ్ల తరబడి అన్నీ తెలుసని నాకు ఆ క్షణంలో అర్థమైంది. గాజు గొట్టం అబద్ధం చెప్పదు గదా. ఆయన ఒప్పుకోలేనిది నీళ్లను కాదు, నీళ్ల గురించి చార్టు మీద రాయడాన్ని.

సాయంత్రం బస్టాండులో నిలబడి ఉంటే తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక బక్కపల్చటి మనిషి వచ్చాడు. చేతిలో మోదుగాకుతో మూసిన ఇత్తడి చెంబు, నిండా పాలు. "మా పాప మూడో బెంచీలో కూర్చుంటాదమ్మా" అన్నాడు. ఎందుకప్పా ఇవన్నీ అంటే, చెంబు నా చేతుల్లో పెట్టి, "నీళ్లు లేవులేమ్మా. ముఖం తెలిసినోళ్లకు పొయ్యము" అని, నేను మాట్లాడేలోపే వెళ్లిపోయాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేను రోజూ మదనపల్లెకు తిరిగి వెళ్లే బస్సుకు కండక్టరు మా నాన్నే. ఈ సంగతి స్కూల్లో ఎవరికీ చెప్పలేదు. సముద్రం మీద బహుమతి తెచ్చుకున్న టీచరుకు కండక్టరు నాన్న అంటే నామోషీ. బస్సులో ఆయన్ని నాన్నా అని కూడా పిలిచేదాన్ని కాదు. ఆయన దాన్ని ఎప్పుడూ పట్టించుకున్నట్టు కనిపించలేదు. ఆ రోజు మాత్రం రెండు చేతులా పాల చెంబు పట్టుకుని, పడబోతూ, "నాన్నా, కొంచెం పట్టుకో" అనేశాను. వెనక సీట్లోంచి ఒక తల లేచింది. పొద్దున నన్ను ఓదార్చిన పెద్దాయనే.

"ఈయమ్మ నీ కూతురా కండక్టరప్పా?" అన్నాడు, నిండా సానుభూతితో. "రెండావులు పెట్టుకొని మళ్లా ఈ కండక్టరు పని కూడా చేస్తాండావా? చెంబుడు నీళ్లు పోస్తే ఏమిలేప్పా. మనసులో పెట్టుకోవద్దు."

బస్సంతా మా నాన్న వైపు తిరిగింది. మా నాన్న నా వైపు తిరిగాడు. నా ముఖం చూశాడు, చెంబు చూశాడు, మళ్లీ నా ముఖం చూశాడు. మా వంశంలో మూడు తరాలుగా కోడిని కూడా పెంచలేదు. "ఏం చేసేదప్పా" అన్నాడు టికెట్టు చింపుతూ, "రెండిట్లో ఒకటి వట్టిపోయింది." ఆ తర్వాత దారిపొడుగునా ఆ పెద్దాయన వట్టిపోయిన ఆవుకు ఏమేం పెట్టాలో చెబుతూ ఉన్నాడు, మా నాన్న సరే సరే అని తలూపుతూ ఉన్నాడు. మదనపల్లెలో దిగాక, బ్యాగు భుజాన వేసుకుని నా పక్కన నడుస్తూ, "మన ఆవుల్ని యాడ కట్టేసినావమ్మా, ఒకసారి సూపిస్తావా" అన్నాడు. నేను నడివీధిలో ఏడ్చాను. తర్వాత ఇద్దరం నవ్వాం. ఆ మర్నాటి నుంచి బస్సులో నాన్నా అని గట్టిగానే పిలిచాను.

ఏడెనిమిదేళ్లకు, నేను గవర్నమెంటు టీచరునయ్యాక, ఒక ట్రైనింగుకు కుప్పం వెళ్లాను. రైల్వే స్టేషన్లో ఒక అమ్మాయి పరుగున వచ్చి, "మేడం, గుర్తుపట్టినారా" అంది. రెండు జడలు ఒక జడైంది. అక్కడే ఒక స్కూల్లో తెలుగు చెబుతోందట. నాన్న ఎలా ఉన్నాడంటే బాగుండాడంది. "ఇప్పుడు నీళ్లు పొయ్యడు మేడం" అంది. ఎంత మారాడమ్మా అని నేను మురిసిపోబోతుంటే, "కేంద్రానికి కరెంటు మిషను వచ్చిండాది. చుక్క పోసినా పట్టేస్తాది" అంది.

ఇద్దరం నవ్వుకున్నాక, "నా పేపరు ఇంకా దాచుకోనుండాను" అంది. "మీరు పందొమ్మిది వేసినారు. ఆఖర్లో నేనొకటి అడిగినాను. మంచిదా చెడ్డదా అని. మీరు టిక్కు పెట్టేసినారు, జవాబు రాయలేదు."

ఇన్నేళ్లుగా నిజాయితీ మీద వందల వ్యాసాలు దిద్దిన మనిషిని నేను. జవాబు కోసం గైడులన్నీ మనసులో తిరగేశాను. మానవుడు సంఘజీవి వరకూ వచ్చి ఆగిపోయాను. చివరికి నా నోటి నుంచి వచ్చింది ఒక్కటే మాట.

"మీ చెంబు ఇంకా మా ఇంట్లోనే ఉండాదమ్మా."

ఆ పిల్ల కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "ఉండనీండి మేడం. ముఖం తెలిసినోళ్లే గదా" అంది. ఆ చెంబు ఈనాటికీ నా వంటింట్లోనే ఉంది, తిరిగి ఇవ్వాలని ప్రతి ఏడాదీ అనుకుంటాను. దాన్ని తోమేటప్పుడల్లా, సముద్రం సర్టిఫికెట్టు ఉన్న ఆ మిడిసిపాటు పిల్ల, కిక్కిరిసిన బస్సులో ఒక్క చుక్క ఒలకకుండా రెండు చేతులా పాలు పట్టుకుని నిలబడి, నలుగురిలో మొదటిసారి నాన్నా అని పిలవడం కనిపిస్తుంది. పాపం, దానికి నేనైతే పందొమ్మిది వెయ్యను. అయినా పాస్ చేసేస్తాను.