చెయ్యి లేచేదాకా

మొన్న మా వీధిలో ఒక పాత మిద్దె కూల్చారు. ప్రొద్దుటూరులో ఇప్పుడు పాత మిద్దె కనిపిస్తే చాలు, పడగొట్టి దాని మీద అంతస్తులు లేపుతున్నారు. అటక మీది సామాన్లు వాకిట్లోకి విసిరేస్తుంటే ఎండిన సొరకాయ బుర్ర ఒకటి దొర్లుకుంటూ వచ్చి నా చెప్పుకు తగిలి ఆగింది. చేతిలోకి తీసుకుని ఊపాను. లోపల గింజలు గలగలమన్నాయి. ఆ చప్పుడు వినగానే పెట్రోలు వాసన, చెరువు నాచు వాసన కలిసి ముక్కుకు తగిలినట్టయింది. బుర్రలో ఏ వాసనా లేదు, మట్టి తప్ప. కావాలంటే తీసుకుపొమ్మన్నాడు కూలీ. వద్దని కింద పెట్టేశాను. ఆ రోజు పొద్దు గూకేదాకా దేవదానం సారు నా వెంటే ఉన్నారు.

ఆయన జమ్మలమడుగులో డ్రిల్లు మాస్టరు. యుద్ధకాలంలో సైన్యంలో చేరి, ఏదో సముద్రతీరపు శిబిరంలో మోటారు పడవ నడిపారు. అక్కడి దొరలు సెలవు రోజుల్లో పడవకు తాడు కట్టించుకుని, కాళ్లకు చెక్కలు తొడుక్కుని నీళ్ల మీద జారే ఆట ఆడేవారు. పడవ నడిపింది ఈయనే. యుద్ధం అయిపోయి ఊరికి తిరిగొచ్చినా ఆ ఆట మాత్రం ఆయన్ను వదల్లేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, నేను ప్రొద్దుటూరులో గుడ్డల అంగట్లో పని చేస్తూ సాయంత్రాలు గ్రంథాలయంలో గడిపే రోజుల్లో, ఆయన అక్కడికి వచ్చి ఆ ఆట గురించి చదవడానికి ఒక ఇంగ్లీషు పుస్తకం కోసం వెతుకుతున్నారు. అది అప్పటికే నా చేతిలో ఉంది. నేను బడి చదువు మధ్యలో మానేసినవాణ్ణి. నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో పేజీ కూడబలుక్కుంటూ ఆ ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వం చదివేవాణ్ణి. ఆ ఆటలో తేలుడు గుర్తుల చుట్టూ వంకర్లు తిరుగుతూ పోయే పందేన్ని స్లాలం అంటారనీ, ఆ మాట నార్వే దేశపు మంచు కొండల్లో పుట్టిందనీ ఆయనకు గర్వంగా చెప్పాను. ఆయన ఓపికగా విన్నారు.

"శానా బాగా చదివినావప్పా. ఈత వచ్చునా?" అని అడిగారు.

రాదన్నాను.

"ఈత రాకుండానే ఇంత చెప్తాండావే. వస్తే ఇంకెంత చెప్తావో. ఆదివారం జమ్మలమడుగు బస్సెక్కు."

ఆదివారం ఎక్కాను. ఊరికి కొంత దూరంలో ఉన్న పెద్ద చెరువు దగ్గర, నా వీపుకు రెండు సొరబుర్రలు కట్టి నీళ్లలోకి తోశారు. మా సీమలో పిల్లలు బావుల్లో ఈత నేర్చుకునేది ఇట్లాంటి బుర్రలతోనే. ఇరవై దాటిన నేను పిల్లల మాదిరి కాళ్లు కొట్టుకుంటుంటే గట్టు మీద గొర్రెలు కాసేవాళ్లు పడి పడి నవ్వారు. ఆ నవ్వుల మధ్య నేను నేర్చుకున్న ఈత నాకు ఏ పుస్తకమూ ఇవ్వలేదు. చదివింది ఒంటికి పట్టాలంటే ఒళ్లు తడవాలని సారు ఎప్పుడూ మాటల్లో చెప్పలేదు, నీళ్లలోకి తోసి చెప్పారు.

పడవ మద్రాసులో పాత సామాన్ల వేలంలో దొరికింది. వెనక తగిలించే మోటారు ఒకటి పాడై ఉంటే బాగు చేసుకున్నారు. స్లాలం బాటకు గుర్తులుగా రబ్బరు బంతులు వాడతారని నేను చదివి చెప్పాను. అవి మనకెక్కడివి? ఎండిన సొరబుర్రలకు సున్నం పూసి, తాడు కట్టి, తాడు రెండో కొనకు రాయి కట్టి చెరువులోకి దించారు. రెండు వరసల్లో ఆరు బుర్రలు. పడవ నడిమిన నిట్టనిలువుగా పోతుంది. తాడు పట్టుకున్నవాడు ఒంటి చెక్క మీద నిలబడి, ఒకసారి కుడి బుర్ర బయటి నుంచి, ఇంకోసారి ఎడమ బుర్ర బయటి నుంచి ఒరుగుతూ తిరగాలి. సున్నం పూసిన ఆ బుర్రలు ఎండలో గుడ్ల మాదిరి మెరిసేవి.

నన్ను పడవలో వెనక్కి తిరిగి కూర్చోబెట్టారు. నా పని చూడటం, అంతే. తాడు పట్టుకున్నవాడి మీద నుంచి చూపు తిప్పకూడదు. వాడు పడితే అంగడి నుంచి తెచ్చిన ఎర్ర గుడ్డ ముక్క పైకెత్తాలి. నీళ్లలో పడ్డవాడు రెండు చేతులూ తల మీదికెత్తి కలిపి పట్టుకుంటే తనకేమీ కాలేదని అర్థం. అది కనపడేదాకా గుడ్డ దించకూడదు. మొదటి రోజే నేను ముందేముందోనని మెడ తిప్పాను. సారు మోటారు ఆపేశారు.

"నువ్వు ముందుకు చూస్తే వానికి ఎవురూ ల్యారు. నేను వెనక్కి చూస్తే మనకెవురికీ దోవ ల్యాదు. ఎవుని దిక్కు వాడు చూడాల."

ఆ తరవాత నేనెన్నడూ మెడ తిప్పలేదు.

చెరువుకు మారెన్న అనే నీరుగంటి ఉండేవాడు. తూము తెరిచి, మూసి, కింది పొలాలకు వంతుల ప్రకారం నీళ్లు వదలడం అతని పని. మా పడవను చూసి రోజూ ఏదో ఒకటి అనేవాడు. "ఒంటి చెక్క మీద నిలబడేదానికి ఇంత నూనె తగలేస్తాండారే, ఆ మరతో నాలుగు మళ్లకు నీళ్లు తోడరాదా సారూ" అని ఎగతాళి చేసేవాడు. మూసిన తూము మీద కూర్చుని చివరిదాకా చూసేది కూడా అతనే. కరువు సీమలో నిండిన చెరువు మీద ఆడుకోవడం ఎంత సిగ్గులేని పనో సారుకు తెలుసు. పైరుకు నీళ్లు కావాలని ఎవరన్నా ఒక్క మాటంటే ఆ రోజు పడవ దించేవారు కాదు.

తాడు పట్టుకునేవాడు ఈశ్వర. పులివెందుల పక్కన చీనీ బత్తాయిల తోట ఉన్న చెన్నప్ప కొడుకు, బడిలో సారు దగ్గర చదివినవాడు. తోటలోని లోతు బావిలో మిద్దె ఎత్తు నుంచి దూకి ఈత నేర్చుకున్నాడు. నాకంటే చిన్నవాడైనా నన్ను "ఏం పుస్తకాలాయనా, ఈరోజు నార్వేలో వానలు పడినాయా" అని ఆటపట్టించేవాడు. వాడు ఒరిగితే మోచెయ్యి నీళ్లను గీసేది. అట్లా ఒరగడం నేను పుస్తకంలో బొమ్మగా తప్ప ఎక్కడా చూడలేదు. వాణ్ణి మద్రాసు పందేలకు పంపాలని సారు కోరిక. ఆయన జీవితంలో గట్టిగా కోరుకున్నది అదొక్కటేనేమో. అక్కడి పడవల సంఘం పెద్దమనిషి ఒకాయన కడపకు ఏదో పని మీద వచ్చి, ఒక్కసారి చూసి పోతానని కబురు పంపారు.

ఆ చెరువు అడుగున ఒక బావి ఉంది. ముందటి కరువులో రైతులు చెరువులోనే తవ్వి, చుట్టూ రాతి వరస కట్టుకున్నారు. వానలు పడి చెరువు నిండాక అది మునిగిపోయింది. సారుకు ఆ చోటు తెలుసు కాబట్టి దానికి దూరంగానే బాట వేశారు. ప్రతిసారీ పడవ ఎక్కేముందు తానే ఈదుకుంటూ పోయి ఒక్కో బుర్రనూ లాగి చూసేవారు. తాడు బిగువుగా ఉండాలి. ఉంటేనే మోటారు తిప్పేది.

పెద్దమనిషి వచ్చిన ఆదివారం, సారు చర్చిలో ప్రార్థన ముగించుకుని వచ్చేసరికి పొద్దెక్కింది. గట్టు మీద జనం. పెద్దమనిషి బస్సుకు టైమవుతోందని గడియారం చూసుకుంటున్నాడు. సారు బుర్రల వైపు చూశారు. వరస చక్కగా ఉంది. మొన్న చూసినాం గదా అనుకుని పడవ ఎక్కారు. రెండు రోజులుగా తూము పారుతోందని ఎవరికీ తట్టలేదు. వరి ఎండుతోందని రైతులు అడిగితే మారెన్న వదిలాడు. ఒక్క అడుగు నీరు తగ్గింది.

ఆ ఒక్క అడుగు సంగతి నేను తరవాత గ్రంథాలయంలో కూర్చుని లెక్క వేశాను. పది అడుగుల లోతులో పది అడుగుల తాడు ఉందనుకుందాం. నీరు ఒక అడుగు తగ్గితే తాడు ఒక అడుగే వదులవుతుంది, కానీ బుర్ర గాలికి పక్కకు నాలుగడుగులకు పైగా జరగగలదు. గాలి అన్ని బుర్రలనూ ఒకే వైపుకు, ఒకే మాదిరి తోసింది. అందుకే వరస చెదరలేదు. వరస మొత్తంగా బావి వైపుకు జరిగింది. మేము బుర్రకూ బుర్రకూ వరస చూసుకున్నామే గాని గట్టుతో సరిచూసుకోలేదు. బావి చుట్టూ ఉన్న రాతి వరస కూడా ఆ ఒక్క అడుగు మేరా నీటి పైభాగానికి దగ్గరైంది, కానీ పైకి కనపడలేదు.

మూడో బుర్ర తిరిగేటప్పుడు ఈశ్వర నావైపు చూసి నవ్వాడు. నాలుగో బుర్ర బయటికి ఒరిగాడు. చెక్క దేనికో తగిలిన చప్పుడు నాకు మోటారు మోతలో కూడా వినిపించింది. తాడు ఒట్టిగా ఎగిరింది. నేను ఎర్ర గుడ్డ ఎత్తాను.

చేతుల కోసం చూశాను. సారు పడవ తిప్పారు. అప్పటికీ ఆయన వెనక్కి చూడలేదు, నా ముఖం చూశారు. చూసి మోటారు ఆపి నీళ్లలోకి దూకారు. ఈశ్వరను గట్టుకు చేర్చినప్పుడు ఊపిరి ఉందన్నారు. ఆసుపత్రికి చేరేసరికి లేదన్నారు. గట్టు మీద ఎవరో వచ్చి నా పిడికిలి విప్పి గుడ్డ తీసుకున్నారు. అప్పటిదాకా నా చెయ్యి పైనే ఉందని నాకు తెలియదు.

తూము తెరిచిన సంగతి సాయంత్రానికి పొక్కింది. పులివెందుల వైపు నుంచి వచ్చిన ఈశ్వర బంధువులు మారెన్న కోసం వెతికారు. అతని గుడిసె పీకేశారు. అతను సారు వంటింట్లో, గింజల గంపల వెనక దాక్కుని ఉన్నాడు. పొద్దు గూకే వేళకు కట్టెలు పట్టుకుని వాళ్లు వాకిట్లోకి వచ్చారు. నీరుగంటి నాకొడుకును బయటికి పంపమన్నారు. సారు తడి గుడ్డలు కూడా మార్చుకోలేదు. గడపలో నిలబడ్డారు.

"రేపు చెన్నప్పతో మాట్లాడేదానికి నేను పోతాండా. ఆయన ఏం చెప్తే అది. అంతవరకు ఈ గడప దాటాలంటే నన్ను దాటాల."

వాళ్లు దాటలేదు. పోలేదు కూడా. వీధి మలుపులో కూర్చున్నారు.

మరునాడు ఈశ్వరను పూడ్చిపెట్టాక, నేనూ సారూ పులివెందుల బస్సెక్కాం. నన్ను రావొద్దన్నారు, వినలేదు. దారిలో ఉండబట్టలేక, అంతా గాలి వల్ల జరిగిందని చెప్పొచ్చు గదా అన్నాను. అది అబద్ధం కూడా కాదు.

"గాలి నిజమేనప్పా. తాడు వదులుగా ఉండబట్టే గాలికి పని దొరికింది" అన్నారు.

చెన్నప్ప తోటలో బావి గట్టున కూర్చుని ఉన్నాడు, బావికి వీపు పెట్టి. నీళ్లు తోడే ఎద్దులను విప్పి చెట్టుకు కట్టేశారు. చుట్టూ మనుషులున్నా ఎవరూ మమ్మల్ని కూర్చోమనలేదు. సారు నిలబడే చెప్పారు. తూము తీసింది పైరు కోసమని, మారెన్న రోజూ చేసే పనే చేశాడని, తాళ్లు చూసుకోవలసింది తానని, ఆ రోజు చూసుకోలేదని. తన తప్పుకు పక్కన ఇంకో కారణం చేర్చలేదు. పెద్దమనిషి బస్సు మాట కూడా ఎత్తలేదు.

చెన్నప్ప తల ఎత్తాడు. "పడేటప్పుడు నువ్వు చూసినావా?" అన్నాడు.

"లేదప్పా. నడిపేవాడు వెనక్కి చూడకూడదు."

"అంటే నా కొడుకును ఎవురూ చూడలేదా?"

"ఇతను చూసినాడు."

చెన్నప్ప నావైపు తిరిగి, అంతా చెప్పమన్నాడు. చెప్పాను. మొదటి బుర్ర నుంచి చెప్పాను. ఎట్లా ఒరిగాడో, మోచెయ్యి నీళ్లను ఎట్లా గీసిందో చెప్పాను. నా గొంతు ఎక్కడా ఆగలేదు, ఎందుకు ఆగలేదో ఇప్పటికీ తెలియదు.

"నవ్వుతాండెనా?"

"నవ్వుతాండె."

అప్పుడు చెన్నప్ప తన మనుషుల వైపు చూసి, "మారెన్న జోలికి ఎవురూ పోవద్దు. వాని గుడిసె కట్టించండి" అన్నాడు. ఆ తరవాత సారుతో, అదే గొంతుతో అన్నాడు. "నువ్వు మాత్రం సారూ, మళ్లా నా కంటికి కనపడొద్దు."

సారు తల ఊపారు. ఆ మాట చివరిదాకా నిలబెట్టుకున్నారు. బడి ఉద్యోగం పోయింది. పడవను గట్టు మీద బోర్లా వేసి వదిలేస్తే రెండు వేసవులకు చెదలు తినేశాయి. బుర్రలు మాత్రం ఆయనే ఈదుకుంటూ పోయి ఒక్కొక్కటీ విప్పి తెచ్చారు. ఎక్కడో పల్లెలో చిన్న పిల్లలకు అక్షరాలు చెప్తూ బతికారు. నేను పోయినప్పుడల్లా ఏం చదువుతాండావని అడిగేవారు. నీళ్ల మాట ఎప్పుడూ రాలేదు.

మా ఇంట్లో పిల్లలు నన్ను చూసి నవ్వుతారు. ఎవరు ఊరికి బయలుదేరినా నేను బస్టాండులో బస్సు మలుపు తిరిగేదాకా నిలబడతాను. వాళ్లు కిటికీలోంచి చెయ్యి ఊపేదాకా నా చెయ్యి దించను. చాదస్తం అంటారు. ఏ పని మొదలుపెట్టినా, మొన్న చూశాను కదా అనిపించిన ప్రతిసారీ లేచి పోయి మళ్లీ చూసి వస్తాను. అదీ చాదస్తమే అంటారు. కావచ్చు.

చివరిసారి సారును జమ్మలమడుగు ఆసుపత్రిలో చూశాను. మనిషి సగమయ్యారు. రావొద్దన్నా వినకుండా దుప్పటి కప్పుకుని గేటు దాకా వచ్చారు. నేను బస్సులో వెనక సీట్లో, వెనక్కి తిరిగి కూర్చున్నాను. బస్సు కదిలింది. చెయ్యి ఎత్తాను. ఆయన గేటు పట్టుకుని కాసేపు అట్లాగే నిలబడ్డారు. ఆ తరవాత గేటు వదిలేసి, రెండు చేతులూ మెల్లగా తల మీదికెత్తి కలిపి పట్టుకున్నారు. దుప్పటి జారి కింద పడింది. ఆయన బాగులేరని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు.

నా చెయ్యి దించాను.